గంగయొడ్డున జోడుపడవ

ప్రయాణవృత్తాంతమనగా కాశీ రామేశ్వరములనో, హిమాలయములనో, సముద్రముల కావలి దేశములనో వర్ణింపవలెనని పలువురి యభిప్రాయము. నేను వ్రాయబోవునది కరీంనగరమునుండి కాళేశ్వరమువరకు మూడు దినములలో ముగిసిన చిన్న ప్రయాణము. దానికి కారణమైనది మాత్రము దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌను రేవునందు కట్టియున్న యొక తెరచాపల పడవ. ఈ రెంటికి సంబంధమేమని మీ రడుగవచ్చును. బయలుదేరునాడు మా అక్కయు నన్నదే యడిగెను.

అక్క కుమార్తెయు, అల్లుడును కేప్‌టౌనులో ఉద్యోగములు చేయుచున్నారు. సద్దుల బతుకమ్మనాడు ఆ పిల్ల తల్లికి టెలిఫోను చేసి, పండుగ ముచ్చటలన్నియు ముగిసిన పిమ్మట మెల్లగా నొక సంగతి చెప్పెను. వారి మిత్రదంపతులకు ‘కాటమరాను’ అను జోడుపడవ యొకటి కలదట. మాఘమాసమున నలుగురును దానిమీద బయలుదేరి అట్లాంటికు మహాసముద్రములోని సెయింట్ హెలీనా దీవికిని, అచ్చటినుండి బ్రెజిలు దేశమునకును పోదలచిరట. అక్క “నా ప్రాణ ముండగా వలదు” అని టెలిఫోను పెట్టివేసెను. అటుపిమ్మట నెలదినములు తల్లీకూతుళ్లకు మాటలు లేవు. పిల్ల నాకు పెద్ద యుత్తరము వ్రాసి, పడవ పటమును గీసి పంపి, “చిన్నమ్మా! అమ్మకు నీవే నచ్చజెప్పవలెను” అని వేడుకొన్నది.

నేను నచ్చజెప్పుటకు పూనుకొనలేదు. కార్తికమాసము వచ్చినది గదా, ధర్మపురిలో స్నానము చేసి కాళేశ్వరము చూచి వత్తమని మాత్రము అక్కను పిలిచితిని. ఉత్తరమును నా సంచిలో నుంచుకొంటిని.

ప్రయాణమునకు ముందు సాయంకాలము కరీంనగరముచెంత దిగువ మానేరు జలాశయపు కట్టమీదికి పోయితిమి. 1985లో పూర్తియైన ఈ జలాశయము సుమారు 24 టి.ఎం.సి.ల నీటిని పట్టును. ఆవలియొడ్డు సన్నని గీతవలె కానవచ్చుచుండెను. పిల్లలు విహారపు పడవలలో కేరింతలు కొట్టుచుండిరి. అక్క ఆ పడవలను చూడక ముఖము త్రిప్పుకొని కూర్చుండెను. ఆ భయము నేటిది కాదని నాకు తెలియును.

మా అమ్మమ్మ పుట్టినిల్లు లక్షెట్టిపేటవైపు పల్లె. మెట్టినిల్లు ధర్మపురివైపు పల్లె. నడుమ గోదావరి. మా ప్రాంతమున గోదావరి యని పలుకువారు తక్కువ. అందరికి నది ‘గంగ’యే. ఈ గంగయే పూర్వపు కరీంనగరము, ఆదిలాబాదు జిల్లాలకు హద్దు. 2016లో జిల్లాలు విభజింపబడిన పిమ్మట ధర్మపురి జగిత్యాల జిల్లాలోను, లక్షెట్టిపేట మంచిర్యాల జిల్లాలోను చేరినవి. అమ్మమ్మ కాలమున మా పల్లెలనడుమ వంతెన లేదు. పెండ్లికూతురై వచ్చిననాడు ఎడ్లబండితో సహా బల్లకట్టుమీద దాటివచ్చెనట.

ఒక శ్రావణమాసమున ఆమె తల్లికి జబ్బు చేసినదని కబురు వచ్చినది. అమ్మమ్మ పసిపిల్లను చంక నెత్తుకొని రేవునకు పోయెను. గంగ పొంగి రెండు గట్లు నొరసి ప్రవహించుచుండెను. ఓడవారు బల్లకట్టును విప్పమనిరి. ఎంత బతిమాలినను వినలేదు. తొమ్మిదిదినము లామె ప్రతియుదయమును రేవునకు పోయి, ఆవలియొడ్డు చూచి మరలి వచ్చెను. పదవనాడు పడవ కదలినది కాని, అప్పటికి ఆ యింట దశాహకర్మ సన్నాహములు జరుగుచుండెను. నాటినుండి అమ్మమ్మ పుట్టినింటికి పోలేదు. “నీళ్ల కవతల నున్న బంధువు లేనివానితో సమానము” అని మనుమరాండ్రకు చెప్పుచుండెడిది. అక్క ఆమె పక్కలో పండుకొని ఈ మాట వినుచు పెరిగినది. పిల్ల మునిగిపోవునేమో యను భయమొక్కటే కాదు, వేళకు దాటి చేరలేము గదా యను భయము అక్కను పట్టినదని ఈ కథ యెరిగినవారికి గాని తెలియదు.

మరునాడు జగిత్యాలమీదుగా ధర్మపురి చేరితిమి. గంగలో స్నానముచేసి, లక్ష్మీనరసింహస్వామిని సేవించి, యమధర్మరాజు గుడిలోను దీపము పెట్టితిమి. బ్రహ్మపుష్కరిణియను కోనేటిలో స్వామివారికి తెప్పోత్సవము జరుగును. కోనేటిగట్టున నిలిచి అక్కతో, “దేవుడు కూడ ఏటేట పడవ నెక్కునే!” అంటిని. “ఆయన కోనేట తిరుగును, నీ కూతురు కడలిలో తిరుగునట” అని అక్క బదులు చెప్పెను. కోపమువచ్చినపుడు తన కూతురు నా కూతురగుట మా యింటి ఆచారము.

ధర్మపురినుండి కొంతదూరము పోగా రాయపట్నము వంతెన వచ్చును. దానిమీద నెక్కి గంగను దాటుటకు నిమిషమైన పట్టలేదు. అమ్మమ్మ తొమ్మిదిదినములు చూచి దాటలేకపోయిన నీరు అది. బండి నాపించి గట్టుకు దిగితిమి. అచ్చట నొక వృద్ధుడు, గంగపుత్రుడు, వల బాగుచేసికొనుచుండెను. బల్లకట్టు నెప్పుడైన చూచితివా తాతా యని యడుగగా, చూచుటయే కాక చిన్ననాట తండ్రితో గడ వేసితినని చెప్పెను. ఆ పిమ్మట అతడు చెప్పిన సంగతులు విని, నా సంచిలోని యుత్తరమును తీయక తప్పలేదు. ఏలయనగా పిల్ల గీసిన పటమును, తాత ఇసుకమీద వ్రేలితో గీసిన గీతలును ఒక్కటిగానే యుండెను.

బల్లకట్టనగా సమానమైన రెండు పడవలను కొంత యెడముగా ప్రక్కప్రక్కల నిలిపి, పైన అడ్డదూలములు వేసి, బిగించి కట్టి, పలకలు పరచినది. ఒంటిపడవ ఒకవైపు బరువైనచో ఒరగును. జోడుపడవ యందు ఒకవైపు క్రుంగబోవునప్పుడు దూరముననున్న రెండవ పడవ అడ్డుకొనును. వెడల్పే దానికి బలము. అందుచేతనే ఎడ్లు, బండి, పెండ్లివారు దానిపై నిలిచి దాటగలిగిరి. పడవలు లోతుగా మునుగవు కనుక ఇసుకతిన్నెల నడుమ సన్ననినీటను సాగును.

ఇక పిల్ల యుత్తరములోని పడవ. పొడవు 45 అడుగులు, వెడల్పు 25 అడుగులు. రెండు సన్నని పడవలవంటి అంగములు. వానిపై వంతెనవలె పరచిన అంతస్తు. అంగములలో నాలుగు పడకగదులు, స్నానపుగదులు. పై అంతస్తున విశాలమైన కూడము, వంటయిల్లు. నడుమ నొక స్తంభమునకు రెండు పెద్ద తెరచాపలు. సూర్యరశ్మినుండి విద్యుత్తును పుట్టించు పలకలు కప్పుపై కలవు. సముద్రపునీటిని సన్నని పొరలగుండ బలముగా నొత్తి ఉప్పును వేరుచేసి త్రాగునీటిని తీయు యంత్రము కలదు. ఒంటియంగపు తెరచాపపడవలు గాలికి ఒరిగి పోవును గనుక వానిలో పొయ్యిని ఉయ్యాలవలె వ్రేలాడదీయుదురు. జోడుపడవలో తేనీటిగిన్నె బల్లమీద పెట్టిన పెట్టినట్లుండునని పిల్ల వ్రాసినది. ఇట్టివి ఫ్రాన్సు దేశమునను, కేప్‌టౌనులోను విరివిగా కట్టబడుచున్నవి. క్రొత్తదాని వెల అయిదుకోట్ల రూపాయలకు మించును. గంగమీద పైసలకు దాటించినదానికిని, దీనికిని వెలలో నున్నంత భేదము తత్త్వములో లేదు.

పేరుకూడ మనకు దూరమైనది కాదు. ‘కట్టుమరము’ అను తమిళపదమే ఆంగ్లమున కాటమరాన్ అయినది. కట్టిన మ్రాను అని దాని యర్థము. పదునేడవ శతాబ్దాంతమున విలియం డాంపియరు అను ఆంగ్లనావికుడు చోళమండల తీరపు ఈ తెప్పలనుగూర్చి తన గ్రంథమున వ్రాసెను. మన కళింగాంధ్ర తీరమున బెస్తవారు తెప్ప యనునది ఇట్టి మ్రాకులకట్టే. అంతకు ఎంతోముందు, క్రీస్తుశకము మొదటి శతాబ్దపు గ్రీకు నావికగ్రంథము పెరిప్లసులో, మన తూర్పుతీరమున ఏకదారువులను కలిపి కట్టిన పెద్దనావలకు ‘సంగర’ అని పేరు కానవచ్చును. తెలుగున సంగడి యనగా జత, సంగడికాడు చెలికాడు. ఆ మాట వినినప్పుడెల్ల నాకు జోడుపడవయే తలపునకు వచ్చును.

పసిఫిక్ దీవులవారు జోడుపడవలమీద వేలకొలది మైళ్లు పోయి దీవులకు కాపురములు తరలించిరి. 1976లో ‘హోకులేయ’ యను 62 అడుగుల జోడుపడవ, దిక్సూచి మొదలగు పరికరములు లేక, నక్షత్రములను, అలలను చూచుకొనుచు హవాయినుండి తాహితికి నెలదినములకు పైగా నడచి చేరినది. పాశ్చాత్యులకు ఈ రీతి ఆలస్యముగా తెలిసినది. 1876లో హెరెషాఫ్ అను అమెరికా శిల్పి తన జోడుపడవ ‘అమరిల్లిసు’ను న్యూయార్కు పందెమున నడిపి గెలువగా, తక్కినవారు అట్టిదానిని తమ పందెములకు రానీయగూడదనిరి. 1955లో జేమ్సు వారం అను ఆంగ్లేయుడు స్వయముగా కట్టిన 23 అడుగుల చిల్లర జోడుపడవపై ఇంగ్లండునుండి బయలుదేరి అట్లాంటికును దాటెను. అతనితోనున్న నావికు లిద్దరును జర్మనీదేశపు యువతులే.

ఇవన్నియు నేను గట్టుమీద కూర్చుండి అక్కకు చదివి వినిపించితిని. అక్క వినుచున్నదో లేదో తెలియదు. వృద్ధుడు మాత్రము వల ప్రక్కన బెట్టి శ్రద్ధగా వినెను. కడపట, “గా పడవ తలకిందులైతే మళ్లా లేస్తదా తల్లీ?” అని యడిగెను.

ఉత్తరమున ఆ సంగతియు కలదు. పిల్ల దాచలేదు. ఒంటిపడవ అడుగున సీసముతోనో యినుముతోనో చేసిన బరువైన కత్తి యుండును. పడవ పడినను ఆ బరువు దానిని లేపును. జోడుపడవకు అట్టి బరువు లేదు. తలక్రిందులైనచో మరల తనంత లేవదు. తేలికగట్టుటచే మునిగిపోక తేలుచుండును. లోనివారు బయటికి వచ్చుటకు అంగములలో చిన్న తలుపులుండును. కనుక గాలి హెచ్చకమునుపే తెరచాపలను కుదించుట నావికుని మొదటి ధర్మము. రెండవది బరువు. ఒక్కొక్క సామాను చేర్చినకొలది పడవ క్రుంగి, వేగము తగ్గి, అలలు పై అంతస్తు నడుగునుండి కొట్టసాగును.

వృద్ధుడు తల యూపి యిట్లనెను: “అదే మాట. ఒంటి పడవ ఊగుతది, మనిషికి భయమైతది. జోడు పడవ ఊగది. ఊగకపోతే భయం పోతది. భయం పోతే బరువెక్కిస్తడు. జోడు పడవను గంగ ముంచది తల్లీ, మనిషి బరువే ముంచుతది. ఇగ వానకాలం సంగతా? మా అయ్య ఎన్ని తిట్లు తిన్నడో! గంగ నిండ ఉన్ననాడు పడవ ఇడువకపోతే అందరు తిట్టిండ్రు. ఇడువకపోబట్టే గా రేవుల ఒక్క పాణం పోలే.”

అక్క ముఖము మారినది. ఆ తిట్టినవారిలో మా అమ్మమ్మ కూడ నుండెనేమో! అదే రేవో, వేరొక రేవో, ఏ యేటి వరదయో ఎవరు చెప్పగలరు? అరువది యేండ్లుగా మా యింట తలచుకొన్న ఆ తొమ్మిదిదినముల కథలో ఓడవాడు కఠినహృదయుడు. ఆవైపునుండి ఆ కథను మేము వినుట అదే మొదటిసారి. నాడు అమ్మమ్మ ఆ వరదలో దాటబోయియున్నచో చంకలోని పసిపిల్ల, అనగా మా తల్లి, ఏమై యుండెడిదో!

వృద్ధునికి నమస్కరించి బయలుదేరితిమి. ‘ఏరు దాటునంతవరకు ఓడమల్లయ్య, దాటిన పిమ్మట బోడిమల్లయ్య’ అను సామెత మనకు కలదు. వంతెనలు వచ్చిన పిమ్మట బల్లకట్టువారి నందరును మరచిరి. ఆ రాత్రి మంచిర్యాలలో నుంటిమి. కాజీపేట బల్లార్షా రైలుమార్గము 1929లో పూర్తియై, ఉత్తర దక్షిణములను కలిపినది. మంచిర్యాల, రామగుండముల నడుమ ఆ రైలు గంగను దాటు చప్పుడు మా చిన్ననాట పండుగవలె నుండెడిది. మరునాడు గోదావరిఖని బొగ్గుగనులను, మంథనిని దాటి సాయంకాలమునకు కాళేశ్వరము చేరితిమి.

ఇచ్చట ఉత్తరమునుండి ప్రాణహిత వచ్చి గోదావరిలో కలియును. వార్ధా, వైనగంగల కలయికచే పుట్టిన ప్రాణహిత, పూర్వపు ఆదిలాబాదు జిల్లాకు మహారాష్ట్రముతో హద్దు. సంగమమున రెండునదుల నీరు ఒకటిగా విస్తరించి, నది కాక చిన్న కడలివలె కానవచ్చును. ఆవల సిరొంచకు ఇప్పుడు వంతెన కలదు. మునుపు పడవలే గతి. దిగువనున్న మేడిగడ్డ ఆనకట్ట 2019లో ప్రారంభింపబడినది. 2023 అక్టోబరులో దాని స్తంభములు కొన్ని క్రుంగినవి. నీటితోడి లెక్కలో యంత్రములున్నవారును జాగరూకులై యుండవలెనని గంగ చెప్పుచున్నది కాబోలు.

గుడిలో నొకే పానవట్టముపై కాళేశ్వరుడు, ముక్తేశ్వరుడు అని రెండు లింగములు కలవు. కాలుడు యముడు, ముక్తేశ్వరుడు శివుడు. ఆరతివేళ అక్క ఆ రెండు లింగములను చాలసేపు చూచుచు నిలిచెను. భయమును, అభయమును ఒక్క పీఠముపై నుంచిన పూర్వుల బుద్ధిని నేను తలచుకొంటిని. అక్క ఏమి తలచెనో నే నడుగలేదు.

బయటికి వచ్చి సంగమపుమెట్లపై కూర్చుండి, ఆకుదొప్పలలో దీపములు వదలితిమి. అక్క యకస్మాత్తుగా, “ఆడువారు ఇట్లు సముద్రములపై పోయినవారు మనవారిలో నున్నారా?” అని యడిగెను. ఉన్నారని చెప్పితిని. 2017 సెప్టెంబరు 10వ తేదీన మన నౌకాదళమునకు చెందిన ఆరుగురు స్త్రీలు ‘తారిణి’ యను తెరచాపపడవపై గోవానుండి బయలుదేరి, భూమిని చుట్టి, 2018 మే 21వ తేదీన మరల గోవా చేరిరి. వారి నాయకురాలు వర్తికా జోషి. ఆ యారుగురిలో ఇద్దరు తెలుగు ఆడపడుచులు: విశాఖపట్టణపు పాతర్లపల్లి స్వాతి, హైదరాబాదునకు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య. తారిణి జోడుపడవ కాదు. 56 అడుగుల ఒంటియంగపు నావ. 2024 అక్టోబరులో దిల్నా, రూప అను ఇద్దరు స్త్రీలే అదే నావపై బయలుదేరి 2025 మే నెలలో భూప్రదక్షిణమును ముగించి వచ్చిరి. తారిణి యనగా దాటించునది. ఒడిశాలోని తారాతారిణి యమ్మవారి పేరది.

“వాళ్ల తల్లులు ఒప్పుకొనిరా?” అని అక్క యడిగెను. అది నాకు తెలియదంటిని. అక్క నవ్వెను. నెలదినములలో నా యెదుట నామె నవ్వుట అదే మొదలు.

అప్పుడు నా టెలిఫోనును తీసికొని తానే కుమార్తెను పిలిచెను. నేను లేచి పోబోగా చేయిపట్టి కూర్చుండబెట్టెను. దీవించుటగాని, వలదనుటగాని చేయలేదు. “మీ పడవలో బరువెంత వేయుచున్నారు?” అని మొదటి ప్రశ్న. ఆవలనుండి పిల్ల కొంతసేపు మాటాడలేకపోయెను. పిమ్మట పడవ కట్టినవారు చెప్పిన పరిమితి, అందు నీటికెంత, తిండికెంత, మనుష్యుల సామాను కెంత యని లెక్కలు చెప్పినది. “అందులో నాలుగవవంతు తగ్గింపుము. బట్టలు తగ్గింపుము, పప్పుబియ్యము తగ్గింపకుము” అని అక్క యనెను. రెండవ ప్రశ్న: “గాలి చెడ్డదైననాడు రేవు విడువమని చెప్పగల ధైర్యము మీలో నెవరికి కలదు?” ఆ పడవ యజమానురాలికే యనియు, గాలివార్తలు కుదురనందున నామె నిరుడు పదునాలుగు దినములు రేవుననే యుండినదనియు, స్నేహితులందరు విసుగుకొనిరనియు పిల్ల చెప్పినది. “ఆమెతోనే పొమ్ము. ఆమె మాట జవదాటవలదు” అని అక్క టెలిఫోను నాకిచ్చెను.

కేప్‌టౌనునుండి సెయింట్ హెలీనాకు సుమారు 1,700 నౌకామైళ్లు. పదిపండ్రెండు దినముల దారి. ఇప్పుడు నడికడలినుండియు ఉపగ్రహములద్వారా మాటాడవచ్చును. ప్రతిదినమును సూర్యాస్తమయవేళ ఒక మాట పంపవలెనని తల్లి నియమము చేసినది, కూతురు ఒప్పుకొన్నది. అక్కకు భయము పోలేదు. పోవలెనని నేనును కోరను. భయమున్నచోటనే బరువు తూచుకొందురని గంగయొడ్డున విన్నాము గదా!

మాఘమాసము వచ్చుచున్నది. అక్క యింటి గోడకు పిల్ల గీసిన పటమును వ్రేలాడదీసినది. చూడవచ్చిన పొరుగింటివారికి, “ఇది మా అమ్మమ్మ దాటివచ్చిన బల్లకట్టు వంటిదే, గుడ్డలు కట్టినారు, అంతే” అని చెప్పుచున్నది.